గడపను చూడని పన్ను లెక్క

ఆదాయపు పన్ను కార్యాలయం పేరే ఒక కూడలికి పేరుగా నిలిచిపోయిన ఊరు ఢిల్లీ. బస్సులో, ఆటోలో, మెట్రోలో అందరూ 'ఐటీఓ' అనే అంటారు. ఆ మూడక్షరాల వెనక 'ఇన్‌కం ట్యాక్స్ ఆఫీస్' ఉందని తలచుకునేవాళ్లు తక్కువ. అక్కడి నుంచి వికాస్ మార్గ్ పట్టుకుని యమున వంతెన దాటితే లక్ష్మీ నగర్. చార్టర్డ్ అకౌంటెన్సీ చదివే పిల్లలు దూరదూరాల నుంచి వచ్చి చేరే పేట. స్టేషన్ మెట్లు దిగగానే కోచింగ్ సెంటర్ల బోర్డులు, ర్యాంకర్ల ఫొటోలు. సందుల్లోకి వెళితే ఎదురింటి బాల్కనీ చేతికందుతుందేమో అన్నంత ఇరుకు. ఏటి ఇవతల పన్ను వసూలు చేసే దఫ్తరు, అవతలి ఒడ్డున అద్దె గదుల్లో ఆ పన్ను చట్టాన్ని రాత్రింబవళ్లు చదివే పిల్లలు. సీఏల సంస్థ ఐసీఏఐ ప్రధాన కార్యాలయం కూడా ఐటీఓ పక్కన ఇంద్రప్రస్థ మార్గ్‌లోనే ఉంది.

2025 ఫిబ్రవరి 1న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ కొత్త పన్ను విధానంలో 12 లక్షల రూపాయల దాకా ఆదాయానికి పన్ను ఉండదని ప్రకటించారు. మరో నాలుగు రోజులకు, ఫిబ్రవరి 5న, లక్ష్మీ నగర్‌తో సహా ఢిల్లీ అంతా అసెంబ్లీ ఎన్నికల్లో ఓటేసింది. కొత్తగా కోటి మంది పన్ను కట్టే పని లేకుండా బయటపడతారని, ఇందుకోసం ఖజానా సుమారు లక్ష కోట్లు వదులుకుంటుందని ప్రభుత్వం చెప్పింది. నెలజీతం మీద బతికే కుటుంబాలకు అది పెద్ద ఊరట. దాన్ని తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ 12 లక్షల గీత ఒక్కో ఇంటి గుమ్మం దగ్గర ఒక్కోలా పడుతోంది. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి.

మన చట్టానికి ఇల్లు కనిపించదు, మనిషే కనిపిస్తాడు. భార్యకో పాన్ నంబరు, భర్తకో పాన్ నంబరు, ఎవరి రిటర్ను వాళ్లదే. అమెరికాలోలా ఆలుమగలు కలిసి ఒకే రిటర్ను వేసే వీలు ఇక్కడ లేదు. 1961 నాటి చట్టం స్థానంలో, 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టుకుని 2025లో వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టం భాషను సులభం చేసింది, సెక్షన్ల సంఖ్యను తగ్గించింది. ఈ మూలసూత్రాన్ని మాత్రం అలాగే ఉంచింది.

లక్ష్మీ నగర్‌లో కనిపించే నాలుగంతస్తుల ఇల్లు ఒకటి ఊహించుకుందాం. మొదటి అంతస్తులో ఇద్దరూ ఉద్యోగం చేసే ఒక జంట. ఆయన జీతం ఏడాదికి 9 లక్షలు, ఆమెదీ 9 లక్షలు. రెండో అంతస్తులో ఒక్కడి సంపాదన మీద నడిచే ఇల్లు: జీతం 18 లక్షలు, భార్య ఇంటిపట్టునే ఉంటుంది, ఇద్దరు పిల్లలు, మంచం పట్టిన తల్లి. రెండు ఇళ్లలోకీ వచ్చే డబ్బు సమానం. కింది జంట కట్టే ఆదాయపు పన్ను సున్నా. పై అంతస్తు ఆయన కట్టేది, 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోగా, సెస్‌తో కలిపి 1,50,800 రూపాయలు. ఇద్దరికి చాలాల్సిన డబ్బు మీద పన్ను లేదు, అయిదుగురికి చాలాల్సిన డబ్బు మీద నెలకు పన్నెండున్నర వేలు!

ఈ లెక్కను చివరిదాకా లాగి చూద్దాం. జీతగాళ్లు ఒక్కొక్కరికి 12.75 లక్షల దాకా పన్ను లేదు కాబట్టి, ఇద్దరూ సంపాదించే ఇంట్లోకి 25.5 లక్షలు వచ్చినా పైసా కట్టక్కర్లేదు. అదే 25.5 లక్షలు ఒక్కడే సంపాదిస్తే పన్ను 3,35,400 రూపాయలు. ఇద్దరూ ఉద్యోగానికి వెళ్లే ఇంట్లో రానుపోను ఖర్చు, పసిబిడ్డను చూసే ఆయా జీతం, వంటమనిషి జీతం ఉంటాయి, ఆ మాట నిజం. రెండో ఇంట్లో ఆ పనులన్నీ ఇల్లాలు జీతం లేకుండా చేస్తోంది కనుక ఆ ఇంటికి అంత మిగులుతోందనే వాదనా ఉంది. అందులో కొంత న్యాయం ఉందని ఒప్పుకుంటాను. కానీ మంచంలో ఉన్న తల్లి మందుల ఖర్చును, ఎదిగే పిల్లల చదువు ఖర్చును ఇల్లాలి కష్టం తీర్చలేదు.

ఒకప్పుడు ఈ చట్టానికి ఇంటి సంగతులు కొంత తెలిసేవి. జేమ్స్ విల్సన్ 1860లో ఈ దేశంలో మొదటిసారి ఆదాయపు పన్ను వేసినప్పుడు ఏడాదికి 200 రూపాయల లోపు ఆదాయాన్ని వదిలేశారు, మిగతా ఎవరినీ ఇంట్లో ఎందరున్నారని అడగలేదు. స్వాతంత్ర్యం వచ్చాక, 1955-56 బడ్జెట్‌లో, ఆర్థిక మంత్రి సి.డి. దేశ్‌ముఖ్ ఆ ప్రశ్న అడిగారు. అప్పటిదాకా అందరికీ 1,500 రూపాయలుగా ఉన్న పన్ను లేని మొత్తాన్ని పెళ్లయినవాళ్లకు 2,000కు పెంచి, పెళ్లికానివాళ్లకు 1,000కి తగ్గించారు. అంతకు రెండేళ్ల ముందు, 1953లో, ఆయన పెళ్లాడింది మన రాజమండ్రి ఆడపడుచు, ఆంధ్ర మహిళా సభను స్థాపించిన దుర్గాబాయినే. తర్వాత కొన్నాళ్లు పిల్లలున్న ఇంటికి మరికాస్త మినహాయింపు కూడా నడిచింది. ఆ ఏర్పాట్లు ఏవీ నిలవలేదు. ఆడవాళ్లకు విడిగా ఉన్న కాస్త ఎక్కువ పరిమితి కూడా 2012-13 నుంచి పోయింది.

ఆ తర్వాత ఇల్లు అన్నది చట్టానికి కనిపించిందంటే మినహాయింపుల సందుల్లోంచే. పాత విధానంలో, 1961 చట్టం సెక్షన్ల పేర్లతో చెప్పాలంటే, అద్దె కడితే ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) మీద మినహాయింపు, పిల్లల స్కూలు ఫీజుకు 80సీ, అమ్మానాన్నల ఆరోగ్య బీమాకు 80డీ, వికలాంగులైన కుటుంబ సభ్యుల పోషణకు 80డీడీ, ఇంటి అప్పు వడ్డీకి 2 లక్షల దాకా తగ్గింపు. వీటిలో అర్థంలేనివీ ఉన్నాయి. 1962 నాటి నిబంధనల ప్రకారం హెచ్‌ఆర్‌ఏ లెక్కలో ఢిల్లీలో ఉంటే మూల వేతనంలో 50 శాతం, నాలుగు మహానగరాలు కాని చోట 40 శాతం ఉండేది. లక్ష్మీ నగర్‌లో మెట్రో ఎక్కి అయిదో స్టేషన్ కౌశాంబిలో దిగితే అది ఉత్తరప్రదేశ్. అద్దెలో పెద్ద తేడా లేకపోయినా మినహాయింపు పరిమితి పడిపోయేది. ఆ నాలుగు నగరాల జాబితాలో హైదరాబాద్ లేదన్న బాధ మనవాళ్లకు ఏళ్లపాటు ఉండేది.

లోపాలు ఎన్ని ఉన్నా, పాత విధానంలో ఫారం నింపేటప్పుడు మనిషి తన తల్లి గురించి, పిల్లల గురించి ఒక గడిలో రాసుకోగలిగేవాడు. 2020లో వచ్చి, 2023-24 నుంచి అడగకుండానే వర్తించేదిగా మారిన కొత్త విధానం పరిమితిని పెంచి, రేట్లు తగ్గించి, అందుకు బదులుగా ఆ గడులు దాదాపు అన్నిటినీ తీసేసింది.

అయితే పాతదే మంచిదని అందామా? రెండో అంతస్తు ఆయన లెక్కే పాత విధానంలో వేసి చూద్దాం. 18 లక్షల్లో స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలు, 80సీ కింద 1.5 లక్షలు, తనకూ తల్లికీ ఆరోగ్య బీమా కింద 75 వేలు, హెచ్‌ఆర్‌ఏ కింద 3 లక్షలు తీసేసినా పన్ను 1,87,200 రూపాయలు తేలుతుంది. అంటే కొత్త విధానమే చవక. తల్లి వైకల్యం 80 శాతం దాటిందని డాక్టర్ల సర్టిఫికెట్ ఉండి, మరో 1.25 లక్షల మినహాయింపు దొరికితే పన్ను 1,48,200కు దిగుతుంది. కొత్త విధానంతో పోలిస్తే ఆదా 2,600 రూపాయలు. ఆ 2,600 కోసం ఏడాదికి లక్షన్నర దాచాలి, బీమా ప్రీమియం కట్టాలి, అద్దె రసీదులు పోగేయాలి, సర్టిఫికెట్ కోసం ఆసుపత్రి చుట్టూ తిరగాలి. మనిషి ఏం చేస్తాడు? కొత్తదానికే మారతాడు, మారక తప్పదు. మారిన నాటి నుంచి మంచంలో ఉన్న ఆ తల్లి ఉనికి ఆయన రిటర్నులో ఎక్కడా కనిపించదు. నన్ను కలవరపెట్టేది ఇదే. పరిమితి పెంచడం మంచి పని, కానీ ఆ పనితోపాటు, చర్చ కూడా లేకుండా, పోషించాల్సినవాళ్ల భారం అన్న మాటనే లెక్కలోంచి తుడిచేశారు.

మూడో అంతస్తులో అరవై దాటిన ఒక ఆవిడ ఒంటరిగా ఉంటుందనుకుందాం. భర్త తాలూకు కుటుంబ పింఛను ఏడాదికి 4 లక్షలు, ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ 2.25 లక్షలు. కుటుంబ పింఛనుకు కొత్త విధానంలో ఇచ్చే తగ్గింపు 25 వేలు మాత్రమే. జీతగాడికి, సొంత పింఛనుదారుకు 75 వేలు ఇస్తూ, వాళ్లు పోయాక మిగిలిన భార్యకు మూడో వంతు ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆ తగ్గింపు పోగా ఆవిడ ఆదాయం 6 లక్షలు. మోకాలి ఆపరేషన్ కోసం భర్త ఏనాడో కొని ఉంచిన ఈక్విటీ మ్యూచువల్ ఫండ్ యూనిట్లు అమ్మింది, 3.25 లక్షలు లాభం తేలింది. మొత్తం కలిపినా 9.25 లక్షలే, 12 లక్షలకు చాలా తక్కువ. పన్ను ఉండదనుకుని ధైర్యంగా ఉంటుంది. కానీ కొత్త విధానంలో ఇచ్చే రిబేటు స్లాబుల ప్రకారం పడే పన్నుకే వర్తిస్తుంది, షేర్లు, ఫండ్ల లాభాలకు వర్తించదు. లాభంలో 1.25 లక్షలు పోగా మిగిలిన 2 లక్షల మీద 12.5 శాతం, దాని మీద సెస్, వెరసి 26,000 రూపాయలు కట్టాలి. 25.5 లక్షలు సంపాదించే జంటకు సున్నా, 9.25 లక్షల ఆదాయమున్న ఆవిడకు 26 వేలు. 12 లక్షల దాకా పన్ను లేదన్న మాట టీవీలో విన్న ఎంతమంది పెద్దవాళ్లకు ఈ మెలిక తెలుసు?

రిబేటు అన్న మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి. కొత్త విధానంలో అసలు పన్ను లేని స్లాబు 4 లక్షల దాకానే. 4 నుంచి 8 దాకా 5 శాతం, 8 నుంచి 12 దాకా 10 శాతం పన్ను పడుతుంది. ఆ 60 వేల పన్నును రిబేటు రూపంలో మాఫీ చేస్తారు. ఆదాయం 12 లక్షలు దాటగానే ఆ మాఫీ పోతుంది. ఒక్క రూపాయి దాటినందుకు 60 వేలు కట్టాల్సిన అన్యాయం జరగకుండా మార్జినల్ రిలీఫ్ పెట్టారు. దాటిన మొత్తం కంటే పన్ను ఎక్కువ కాకూడదన్నది దాని సారం. సుమారు 12.70 లక్షల దాకా అది వర్తిస్తుంది. వినడానికి బాగానే ఉంది. కానీ పన్ను పడే ఆదాయం సరిగ్గా 12 లక్షలున్న ఉద్యోగికి కంపెనీ ఏడాదికి 70 వేలు పెంచిందనుకోండి. ఆ 70 వేలూ పన్నుకే పోతాయి, పైన సెస్ 2,800. జీతం పెరిగిన ఏడు ఆ ఇంట్లో 2,800 రూపాయలు తగ్గుతాయి. ఇద్దరి సంపాదన ఉన్న ఇంట్లో ఇది ఒకరి జీతంలో దెబ్బ. ఒక్కడి సంపాదన ఉన్న ఇంట్లో మొత్తం పెంపుదల గల్లంతు. ఇలాంటి గోడను తీసేసి వాలుగా మార్చడం పెద్ద కష్టమైన పని కాదు, రిబేటును ఒక్కసారిగా కాకుండా 12 నుంచి 15 లక్షల మధ్య క్రమంగా కరిగిస్తే చాలు.

కింద వీధి వైపు షట్టర్లో దుకాణం. అమ్మకాలు ఏడాదికి 2 కోట్లు, డబ్బంతా యూపీఐలోనో బ్యాంకులోనో వస్తుంది. చిన్న వ్యాపారులకు చట్టం ఒక సౌకర్యం ఇచ్చింది: ఖాతాలు రాయకుండా, డిజిటల్ అమ్మకాల్లో 6 శాతం లాభంగా చూపితే చాలు. 2 కోట్లలో 6 శాతం 12 లక్షలు, పన్ను సున్నా. అసలు లాభం అంతకు మించితే మించినంతా చూపాలి కానీ, ఖాతాలే లేనిచోట మించిందని తేల్చడం ఎవరి తరం? డాక్టర్లు, వకీళ్లు, సీఏల వంటి వృత్తుల వాళ్లకు కూడా ఇలాంటి ఏర్పాటే ఉంది. 24 లక్షల రాబడిలో సగం, అంటే 12 లక్షలు ఆదాయంగా చూపి పన్ను లేకుండా బయటపడవచ్చు. అదే 24 లక్షలు జీతంగా తీసుకునేవాడికి పన్ను 2,92,500. చిన్న వ్యాపారికి సౌకర్యం ఉండాల్సిందే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ ఈ సౌకర్యమూ, రిబేటూ కలిసినప్పుడు 12 లక్షల గీత కొందరికి మాత్రం ఎంత దూరం జరుగుతోందో గమనించాలి.

ఇంటి యజమానుల సంగతి ఇంకా గమనించదగ్గది. ఆ భవనం ఇద్దరన్నదమ్ములు, వాళ్ల తల్లి పేర్ల మీద ఉంటే అద్దె మూడు వాటాలవుతుంది, ఒక్కొక్కరికీ ఒక్కో పరిమితి. అవిభక్త హిందూ కుటుంబం ఉంటే దానికి మళ్లీ విడిగా పాన్, విడిగా 4 లక్షల పన్ను లేని స్లాబు, రిబేటు మాత్రం లేదు. భార్యకు ఇచ్చిన ఆస్తి మీద ఆదాయం భర్త లెక్కలోకే వచ్చేలా చట్టంలో కట్టడి ఉన్నా, పెద్దయిన పిల్లలకు ఇస్తే ఆ కట్టడి లేదు. అంటే ఆస్తి ఉన్న కుటుంబం తలకొక పరిమితి చొప్పున ఆదాయాన్ని పంచుకోగలదు. జీతం మాత్రం పంచుకోలేరు. రెండో అంతస్తు ఆయన తన 18 లక్షల్లో ఒక్క రూపాయిని కూడా తల్లి పేరుకో భార్య పేరుకో రాయలేడు. మనిషే లెక్క అన్న సూత్రం ఆస్తిపరుల దగ్గర సడలి, నెలజీతగాళ్ల దగ్గరే బిగుసుకుంటోంది.

ఇది ఒక్క మన దేశపు సమస్యే కాదు. బ్రిటన్‌లో పిల్లల భృతి పొందేవాళ్లలో ఎవరో ఒకరి ఆదాయం 60 వేల పౌండ్లు దాటితే ఆ భృతిని పన్ను రూపంలో వెనక్కి తీసుకోవడం మొదలుపెడతారు. చెరో 59 వేలు సంపాదించే జంటకు ఆ బాధ లేదు. ఫ్రాన్స్ 1945 నుంచీ ఇంట్లో ఉన్నవాళ్లను లెక్కబెట్టి, పిల్లలకూ వాటా వేసి ఆదాయాన్ని భాగిస్తుంది. అమెరికాలో హెచ్-1బీ వీసా మీద ఉద్యోగం చేస్తూ, హెచ్-4 వీసా మీద పని చేసే అనుమతి లేక ఇంట్లో ఉండిపోయిన భార్య ఉన్న తెలుగు కుటుంబాలు ఎన్నో. వాళ్లు ఏప్రిల్‌లో కలిపి రిటర్ను వేసి రెట్టింపు స్టాండర్డ్ డిడక్షన్ తీసుకుంటారు. వాళ్ల తమ్ముడు హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో అదే స్థితిలో ఉంటే ఆ దారి లేదు.

2025 బడ్జెట్‌కు ముందు ఐసీఏఐ కూడా, కావాలనుకున్న దంపతులు కలిసి రిటర్ను వేసే వీలు కల్పించాలని ప్రభుత్వానికి సూచించింది. ఆ ఆలోచన వెనక ఉన్న బాధ నాకు అర్థమవుతుంది. అయినా దాన్ని నేను సమర్థించలేను. ఇప్పుడున్న ఏర్పాటులో ఒక మంచి దాగుంది. రెండో అంతస్తు ఇల్లాలు రేపు ఏదో స్కూల్లో టీచరుగా చేరితే ఆమె సంపాదించే మొదటి రూపాయి నుంచి 12.75 లక్షల దాకా పన్ను లేదు. ఇద్దరి ఆదాయం కలిపి లెక్కేస్తే ఆమె మొదటి రూపాయి మీదే భర్త స్లాబు రేటు పడుతుంది. ఇంత పన్ను కట్టి నువ్వు ఉద్యోగం చేసేదేమిటన్న మాట ఇంట్లో ఎవరో ఒకరు అననే అంటారు. జర్మనీలో 1958 నుంచి ఉన్న దంపతుల ఉమ్మడి లెక్క మీద అక్కడి ఆర్థికవేత్తల ప్రధాన ఫిర్యాదు ఇదే. పైగా ఆదాయాన్ని రెండుగా చీల్చితే లాభం ఎక్కువ దక్కేది 50 లక్షల జీతం ఉన్న ఇంటికి, 18 లక్షలున్న ఇంటికి కాదు.

నా మాట వేరు. లెక్క మనిషిదిగానే ఉండనివ్వాలి. కానీ ఆ మనిషి మీద ఆధారపడ్డవాళ్లు కనిపించాలి. పోషణలో ఉన్న తల్లిదండ్రులకు, వికలాంగులకు, చదువుకునే పిల్లలకు తలకు ఇంత అని పన్నులోంచే నేరుగా తగ్గించాలి. ఆదాయంలోంచి తగ్గిస్తే 30 శాతం స్లాబు వాళ్లకు ఎక్కువ, 10 శాతం వాళ్లకు తక్కువ దక్కుతుంది. పన్నులోంచి తగ్గిస్తే అందరికీ ఒకటే. రసీదులు, అద్దె ఒప్పందాలు అక్కర్లేదు, ఆధార్, పాన్ అనుసంధానం అయిన ఈ రోజుల్లో ఒకే తల్లిని ఇద్దరు కొడుకులు చూపుకునే మోసాన్ని కంప్యూటరే పట్టేస్తుంది. కొత్త విధానం సులభంగా ఉండాలన్న ప్రభుత్వ కోరికకూ ఇది అడ్డు రాదు. వికలాంగుల విషయంలోనైనా వచ్చే బడ్జెట్‌లోనే మొదలుపెట్టాలి. ఆ ఇళ్లు ఎక్కువ కాలం ఆగలేవు.

ఇక మిద్దె మీది గది. అందులో గుంటూరు జిల్లా నుంచి వచ్చిన ఇద్దరు సీఏ విద్యార్థులు ఉన్నారనుకుందాం. ఒకడి తండ్రి కౌలు రైతు. వ్యవసాయ ఆదాయానికి కేంద్రం పన్ను లేదు, ఉన్నా ఆయన ఆదాయం ఏ పరిమితినీ అందుకోదు. ఈ 4 లక్షలు, 12 లక్షల చర్చల్లో ఏదీ ఆయన ఇంటి గుమ్మం తొక్కదు. కానీ కొడుకు కోచింగ్ ఫీజు కట్టిన రసీదులో 18 శాతం జీఎస్టీ ఉంటుంది. 50 వేల ఫీజుకు 9 వేలు. అందులో తగ్గింపు లేదు, రిబేటు లేదు, వెనక్కి రావడం లేదు. పెద్ద ఉద్యోగి కొడుకు కట్టే 9 వేలూ, కౌలు రైతు కొడుకు కట్టే 9 వేలూ ఒకటే.

ఆ కుర్రాడు రాత్రి దీపం కింద ప్రాక్టీసు లెక్కలు చేస్తుంటాడు. లెక్క ఎప్పుడూ ఒక మనిషి గురించే: ఇంత జీతం, ఇంత వడ్డీ, ఇంత అద్దె, పన్ను ఎంత? కొత్త విధానంలో చేయమంటే, ప్రశ్నలో తల్లి బీమా గురించి, తమ్ముడి వైకల్యం గురించి ఇచ్చిన వాక్యాల మీద పెన్సిల్‌తో గీత కొట్టేసి ముందుకు వెళ్లాలని వాడికి నేర్పారు. అలా చేస్తేనే మార్కులు వస్తాయి.